తొక్కుడు మిషన్‌తో కరెంటు: నియోడిమియం అయస్కాంతాల ప్రాజెక్టు డైరీ

జూన్, మూడో వారం

బడి స్టోరు గదిలో ఒక పాత కుట్టుమిషన్ స్టాండు ఉంది. పైన మిషన్ తల లేదు. కింద పోత ఇనుప పెడలు, పెద్ద చక్రం, బెల్టు గాడి మాత్రం చెక్కుచెదరలేదు. ఈ ఏడాది సైన్స్ ప్రదర్శనకు దీన్నే ఆధారం చేసుకుంటున్నాం. పెడలు తొక్కితే సెల్‌ఫోను ఛార్జ్ కావాలి. బజారులో కొన్న డైనమో వాడకూడదు. జనరేటర్‌ను పిల్లలే చేతులతో తయారు చేయాలి.

నాకు అంతకు మించిన కోరిక ఒకటుంది. ఆవర్తన పట్టిక అడుగున విడిగా రెండు వరుసలు ఉంటాయి. పరీక్షలో వాటి మీద పెద్దగా ప్రశ్నలు రావు కాబట్టి పాఠం వాటిని దాటుకుని వెళ్లిపోతుంది. ఆ పై వరుసలో 60వ మూలకం నియోడిమియం. పిల్లల చెవుల్లో పెట్టుకునే ఇయర్‌ఫోన్లలో, ఫోను వణికే చిన్న మోటారులో, కంప్యూటర్ హార్డ్ డిస్కులో, ఎలక్ట్రిక్ స్కూటర్ చక్రంలో అది రోజూ పనిచేస్తోంది. దాని పేరు పలకగలిగినవారు మాత్రం తరగతిలో ఒక్కరూ లేరు. ఈ జనరేటర్ పూర్తయ్యేసరికి ఆ మూలకం ఏం చేస్తుందో, ఎక్కడ లొంగిపోతుందో వాళ్లకు చేతితో తెలియాలి.

నమూనా ఇలా గీశాం. 150 మిల్లీమీటర్ల వ్యాసం, 6 మిల్లీమీటర్ల మందం ఉన్న రెండు ఉక్కు చక్రాలు. ఒక్కో చక్రం మీద 100 మిల్లీమీటర్ల వ్యాసం గల వృత్తంలో ఎనిమిది అయస్కాంతాలు, ఒకటి ఉత్తరం పైకి, పక్కది దక్షిణం పైకి. రెండు చక్రాల మధ్య కదలకుండా నిలిచే పలక, అందులో ఆరు రాగి కాయిల్స్. ఎదురెదురుగా ఉన్న కాయిల్స్‌ను జతలుగా కలిపితే మూడు ఫేజులు, అంటే ఒకదాని వెనుక ఒకటి లేచే మూడు కరెంటు అలలు, వస్తాయి. కాయిల్స్‌లో ఇనుప కోరు, అంటే నడుమ ఇనుప దిమ్మ, పెట్టడం లేదు. ఇనుము ఉంటే అయస్కాంతాలు దాన్ని పట్టుకుని తిరగడానికి మొరాయిస్తాయి. లేకపోతే వేలితో తోసినా తిరుగుతుంది. దానికి తగ్గ మూల్యం కూడా ఉంది. రెండు వైపుల అయస్కాంతాల మధ్య 12 మిల్లీమీటర్ల ఖాళీ వస్తుంది. ఇనుము సాయం లేకుండా అంత ఖాళీని దాటి బలమైన క్షేత్రాన్ని నిలబెట్టాలి. మామూలు నల్ల ఫెర్రైట్ అయస్కాంతాలకు అది చేతకాదు.

జూన్, చివరి వారం

పార్సెల్ వచ్చింది. ఎన్42 రకం బిళ్లలు, వ్యాసం 25 మిల్లీమీటర్లు, మందం 5. పేరులోని 42 అనే అంకె ఆ పదార్థం నిల్వ ఉంచుకోగల అయస్కాంత శక్తికి కొలత. మామూలు ఫెర్రైట్‌కు అదే కొలతలో 4 కూడా రావడం కష్టం. అంటే ఘనపరిమాణం ఒకటే అయినా పదింతల తేడా.

పెట్టె తెరవకముందే నియమాలు బోర్డు మీద రాశాను. రెండు బిళ్లలను ఎప్పుడూ ఒకేసారి చేతుల్లోకి తీసుకోకూడదు. మధ్యలో చెక్క పలక లేకుండా బల్ల మీద పెట్టకూడదు. కళ్లద్దాలు తప్పనిసరి, ఎందుకంటే ఈ బిళ్లలు చూడటానికి ఉక్కులా ఉన్నా పింగాణీలా పెళుసు. ఒకదానికొకటి గట్టిగా కొట్టుకుంటే ముక్కలు ఎగిరి కంట్లో పడతాయి. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవారు దగ్గరికి రాకూడదు. సాయంత్రం లెక్కపెట్టి తాళం వేయాలి. చిన్న సైజువి ఇళ్లకు తీసుకెళ్లడం అసలే కుదరదు. పసిపిల్లలు రెండు మింగితే అవి పేగు గోడలకు అటూ ఇటూ అతుక్కుని వాటికి చిల్లు పెడతాయి. ఈ ఒక్క విషయం మాత్రం పిల్లల చేత రెండుసార్లు చెప్పించాను.

ఒక బిళ్ల దారిలోనే అంచు విరిగి వచ్చింది. మెరిసే నికెల్ పూత పెచ్చుగా లేచి లోపలి పదార్థం కనిపిస్తోంది. లోహపు మెరుపు లేదు. బూడిద నలుపు, రవ్వ రవ్వగా, పెన్సిలు ముల్లు విరిగినచోట కనిపించే రంగు. ఈ అయస్కాంతాన్ని కరిగించి పోత పోయరు. మిశ్రమ లోహాన్ని కొన్ని మైక్రాన్ల పొడిగా చేస్తారు. బలమైన అయస్కాంత క్షేత్రంలో ఆ రేణువులన్నింటినీ ఒకే దిక్కుకు తిప్పి, అదిమి, వెయ్యి డిగ్రీలకు పైగా వేడిలో కాల్చి గట్టిపరుస్తారు. రవ్వగా కనిపించేది ఆ రేణువుల వల్లే. విరిగిన బిళ్లను పారేయకుండా కిటికీ గట్టు మీద ఒక గాజు మూతలో పెట్టించాను. మా ఊరు సముద్రం ఒడ్డున ఉంది. ఉప్పు గాలికి ఇది ఏమవుతుందో చూడాలి.

ఒక బిళ్ల తూకం 18 గ్రాములు దాటింది. దీని రసాయన సూత్రం ఎన్‌డీ2ఎఫ్‌ఈ14బీ. రెండు నియోడిమియం, పద్నాలుగు ఇనుము, ఒక బోరాన్ పరమాణువు. పిల్లలు పరమాణు భారాలతో లెక్క కట్టారు: నియోడిమియం 26.7 శాతం, ఇనుము 72.3 శాతం, బోరాన్ ఒక్క శాతం. ఆ లెక్కన మా పదహారు బిళ్లల్లో కలిపి 80 గ్రాములకు కాస్త అటూ ఇటూగా నియోడిమియం ఉంది.

“సార్, ముప్పావు వంతు ఇనుమే కదా, మరి పేరు నియోడిమియందెందుకు?” అని తొమ్మిదో తరగతి అమ్మాయి అడిగింది. ఈ ప్రాజెక్టు మొత్తానికి కావలసిన ప్రశ్న అదే.

జూలై, మొదటి వారం

ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి రెండు తరగతులు పట్టింది.

అయస్కాంత బలం ప్రధానంగా ఇనుముదే. మెత్తని ఇనుప మేకును అయస్కాంతానికి తాకిస్తే అదీ అయస్కాంతమై గుండుసూదులను పట్టుకుంటుంది. తీసేయగానే చాలావరకు వదిలేస్తుంది. ఇనుములో బలం ఉంది కానీ దిక్కు నిలవదు. చుట్టూ ఉన్న క్షేత్రం ఎటు లాగితే పరమాణు అయస్కాంతాలు అటు తిరిగిపోతాయి. ఈ బిళ్లలో ఆ దిక్కును నిలబెట్టేది నియోడిమియం. బండి లాగే ఎద్దు బలం ఇనుముదైతే, దాన్ని దారి తప్పనివ్వని ముకుతాడు నియోడిమియం.

ఎలా నిలబెడుతుంది? స్ఫటికంలో నియోడిమియం మూడు ఎలక్ట్రాన్లు వదులుకుని ఉంటుంది. లోపలి 4ఎఫ్ కక్ష్యలో మూడు ఎలక్ట్రాన్లు మిగులుతాయి. ఆ ఎలక్ట్రాన్ల మేఘం బంతిలా గుండ్రంగా ఉండదు, పైనుంచి నొక్కినట్టు ఉంటుంది. చుట్టుపక్కల పరమాణువుల విద్యుత్ క్షేత్రం ఆ చదును మేఘాన్ని ఒకే భంగిమలో ఇరికిస్తుంది. ఎలక్ట్రాన్ల అయస్కాంత దిక్కు ఆ మేఘపు భంగిమతో ముడిపడి ఉంది కాబట్టి మేఘం కదలకపోతే దిక్కూ కదలదు. నియోడిమియం తన దిక్కును ఇనుము దిక్కుతో కలిపి ఉంచుతుంది కనుక పక్కనున్న ఇనుప పరమాణువులూ అదే అక్షానికి కట్టుబడి ఉంటాయి.

బోరాన్ సంగతి చెప్పాలంటే జపాన్‌కు వెళ్లాలి. 1970లలో బలమైన అయస్కాంతం అంటే సమేరియం-కోబాల్ట్. 1978లో కోబాల్ట్ గనులున్న జైర్‌లో (నేటి కాంగో) గొడవలు చెలరేగి కోబాల్ట్ ధర ఆకాశాన్ని అంటింది. కోబాల్ట్ బదులు చవకైన ఇనుము వాడుదామంటే, అరుదైన మృత్తికలతో (నియోడిమియం, దాని వరుసలోని మూలకాల కుటుంబం పేరు అది) కలిసిన ఇనుము కొద్దిపాటి వేడికే అయస్కాంతత్వం పోగొట్టుకునేది. ఇనుప పరమాణువులు మరీ దగ్గరగా ఉండటమే కారణమనీ, మధ్యలో ఒక చిన్న పరమాణువును చొప్పిస్తే ఎడం పెరుగుతుందనీ జపాన్ శాస్త్రవేత్త మసాటో సగావా ఊహించాడు. ఫుజిత్సు కంపెనీ వదిలి 1982లో సుమిటోమో స్పెషల్ మెటల్స్‌లో చేరి, బోరాన్‌తో దాన్ని సాధించాడు. అదే సమయంలో అమెరికాలో జనరల్ మోటార్స్‌లో పనిచేస్తున్న జాన్ క్రోట్, కరిగిన లోహాన్ని తిరిగే చక్రం మీద చిమ్మి క్షణంలో చల్లార్చే పద్ధతిలో అదే పదార్థానికి చేరుకున్నాడు. 1983లో ఇద్దరి ఫలితాలూ లోకానికి తెలిశాయి. ఒకరి పని ఒకరికి తెలియకుండా రెండు ఖండాల్లో ఒకే స్ఫటికం దొరకడం నాకు ఎప్పటికీ ఆశ్చర్యమే. సగావాకు 2022లో క్వీన్ ఎలిజబెత్ ఇంజనీరింగ్ పురస్కారం దక్కింది.

పోలిక కూడా చేసి చూశాం. అదే కొలతలున్న ఫెర్రైట్ బిళ్లనూ, ఎన్42 బిళ్లనూ ఒకే కాయిల్ ముందు ఒకే వేగంతో తిప్పాం. డ్రిల్లింగ్ మిషన్‌కు చెక్క చట్రం బిగించి తిప్పడం వల్ల వేగం మారలేదు. ఫెర్రైట్‌తో వచ్చిన వోల్టేజి నియోడిమియంతో వచ్చినదానిలో మూడో వంతు కూడా లేదు. వోల్టేజి మూడో వంతైతే, అదే కాయిల్ నుంచి తీయగల పవరు సుమారు తొమ్మిదో వంతు అవుతుంది. ఫెర్రైట్‌తో ఈ జనరేటర్ చేయాలంటే సైజు ఎంత పెంచాలో పిల్లలు తామే లెక్క వేసుకున్నారు.

జూలై, రెండో వారం

వేడి పరీక్ష. దీనికోసం చిన్న బిళ్లలు వేరుగా తెప్పించాను: 10 మిల్లీమీటర్ల వ్యాసం, 3 మిల్లీమీటర్ల మందం, సాధారణ ఎన్35 రకం. చిన్న గిన్నెలో వంటనూనె, హలువాలు చేసేవారు వాడే థర్మామీటరు, కరెంటు పొయ్యి. నూనె పని కాబట్టి పొయ్యి దగ్గర నేనే నిలబడ్డాను. పిల్లలు కొలతలు తీసుకున్నారు.

కొలత సాధనం సెల్‌ఫోనే. ఫోనులో దిక్సూచి కోసం పెట్టిన అయస్కాంత సెన్సర్ ఉంటుంది, దాని విలువను మైక్రోటెస్లాలలో చూపే యాప్‌లు ఉచితంగా దొరుకుతాయి. బల్ల మీద ఫోనును టేపుతో అంటించి, పది సెంటీమీటర్ల దూరంలో గీత గీశాం. బిళ్ల లేనప్పుడు చూపే విలువ భూమిది. బిళ్ల పెట్టాక వచ్చే మార్పు బిళ్లది. మా బిళ్లకు దాదాపు 50 మైక్రోటెస్లాల మార్పు వచ్చింది. పుస్తకంలో ఉన్న సూత్రంతో లెక్కించినా ఇంచుమించు అంతే రావడంతో పిల్లలకు ధైర్యం వచ్చింది.

80 డిగ్రీల నూనెలో ఉంచి, తీసి, పూర్తిగా చల్లార్చి కొలిస్తే మార్పు కనిపించలేదు. 120 డిగ్రీల దాకా వెళ్లిన బిళ్ల చల్లారాక కూడా నాలుగో వంతు బలం పోగొట్టుకుంది. 150 డిగ్రీలకు వెళ్లినదానిలో సగం కూడా మిగల్లేదు. బయటకు ఏ గుర్తూ లేదు. నికెల్ మెరుపు అలాగే ఉంది, గుండుసూదులు మాత్రం జారిపోతున్నాయి.

ఈ పదార్థం పూర్తిగా అయస్కాంతత్వం కోల్పోయే క్యూరీ ఉష్ణోగ్రత సుమారు 312 డిగ్రీలు. దానికి చాలా ముందే, 150లోనే, సగం ఎందుకు పోయింది? ఇనుము బలం ఇంకా ఉంది. నియోడిమియం పట్టు సడలింది. వేడి పెరిగేకొద్దీ దిక్కును నిలబెట్టే గుణం, బలం కంటే చాలా త్వరగా తగ్గుతుంది. పలుచని బిళ్లలో దాని సొంత క్షేత్రమే దానికి ఎదురు తిరిగి రేణువులను తిప్పేస్తుంది. అందుకే సాధారణ ఎన్ రకాలను 80 డిగ్రీలు దాటనివ్వొద్దని తయారీదారులు చెబుతారు. అంకె తరువాత హెచ్ ఉంటే 120, ఎస్‌హెచ్ ఉంటే 150, యూహెచ్ ఉంటే 180 డిగ్రీల దాకా తట్టుకుంటాయి.

ఆ అక్షరాల వెనుక మరో రెండు అరుదైన మృత్తికలున్నాయి: డిస్ప్రోసియం, టెర్బియం. నియోడిమియం స్థానంలో కొంత డిస్ప్రోసియం చేరిస్తే పట్టు పెరుగుతుంది. అయితే డిస్ప్రోసియం తన దిక్కును ఇనుముకు ఎదురుగా పెట్టుకుంటుంది, కాబట్టి మొత్తం బలం కొంత తగ్గుతుంది. పట్టు కావాలంటే బలంలో కొంత వదులుకోవాలి. కారు మోటారు లోపల వేడి వంద దాటుతుంది గనుక అక్కడ ఈ బేరం తప్పదు. 2025 ఏప్రిల్‌లో చైనా ఏడు అరుదైన మృత్తికల ఎగుమతికి లైసెన్సు నిబంధన పెట్టింది. ఆ జాబితాలో నియోడిమియం పేరు లేదు. డిస్ప్రోసియం, టెర్బియం ఉన్నాయి. వాటిని కలిపిన అయస్కాంతాలూ ఆ నిబంధన కిందికి వచ్చాయి. ప్రపంచంలోని కార్ల కంపెనీలు ఎందుకు కంగారుపడ్డాయో మా నూనె గిన్నె చూసినవాళ్లకు విడిగా చెప్పనక్కర్లేదు.

మా జనరేటర్‌కు హెచ్ రకం అవసరం లేదు. తొక్కుడు వేగానికి కాయిల్స్ గోరువెచ్చన దాటవు.

జూలై, చివరి వారం

కాయిల్స్ చుట్టే పని. బస్టాండు దగ్గర నీటి మోటార్లు రీవైండింగ్ చేసే పెద్దాయన దగ్గరకు వెళ్లాం. 24 గేజీ ఎనామిల్ రాగి తీగ పావు కిలో తూచి ఇచ్చి, మా చెక్క అచ్చును అటూ ఇటూ తిప్పి చూశాడు.

“మాస్టారూ, ఇది ఏ మోటారుకు? ఇంత చదును కాయిలు నేనెప్పుడూ చుట్టలేదే.”

“మోటారు కాదు బాబాయ్, జనరేటర్. మధ్యలో ఇనుము ఉండదు.”

“కోరు లేకుండా కరెంటు ఎక్కడిదండీ?”

జేబులో చెక్క డబ్బాలో పెట్టుకెళ్లిన బిళ్లను తీసి, ఆయన బల్ల మీదున్న పాత కాయిలుకు మల్టీమీటర్ తగిలించి, కాయిలు మీదుగా చేయి విసిరాను. మీటరు ముల్లు చివరిదాకా కొట్టుకుంది. ఆయన బిళ్లను చేతిలోకి తీసుకుని స్క్రూడ్రైవర్ దగ్గరకు తెచ్చాడు. అది చేతిలోంచి లాక్కున్నట్టు వెళ్లి టక్కున అతుక్కుంది. తరువాత డబ్బు మాట ఎత్తకుండా పిల్లలను కూర్చోబెట్టి చుట్టడం నేర్పాడు.

నలభై ఏళ్లుగా అదే పని చేస్తున్న చేతులు చెప్పే సంగతులు ఏ పుస్తకంలోనూ ఉండవు. తీగను వేళ్ల మధ్య గుడ్డతో పట్టుకుని ఒకే బిగువులో వదలాలి. బిగువు ఎక్కువైతే ఎనామిల్ చిట్లుతుంది, తక్కువైతే చుట్లు ఉబ్బి పలకలో పట్టవు. అచ్చు విప్పకముందే నాలుగు చోట్ల నూలుదారంతో కట్టాలి. మొదటి కొసకు ఎర్ర దారం, చివరి కొసకు తెల్ల దారం కడితే కలిపేటప్పుడు తికమక ఉండదు. ఒక్కో కాయిలుకు 150 చుట్లు, మధ్య రంధ్రం 25 మిల్లీమీటర్లు, బయటి వ్యాసం 45. ఆరింటి నిరోధం కొలిస్తే ఒక్కొక్కటీ 1.2 ఓమ్‌ల దగ్గర వచ్చింది. ఆరూ అంత సమానంగా రావడం పిల్లల చేతి పనికి ఆయన ఇచ్చిన క్రమం.

కిటికీ గట్టు మీది విరిగిన బిళ్ల: పగిలిన అంచు వెంట బూడిద రంగు పొడి రాలుతోంది. పక్కనున్న నికెల్ పూత కూడా లోపలినుంచి ఉబ్బింది. రేణువుల మధ్య సిమెంటులా నియోడిమియం ఎక్కువగా ఉండే పొర ఒకటి ఉంటుంది. తేమ ముందు దాన్నే తింటుంది. పొర పోతే రేణువులు విడిపోయి పొడిగా రాలతాయి. శుద్ధ నియోడిమియం లోహమైతే గాలి తగిలితే చాలు, నిగారింపు కోల్పోయి పెచ్చులూడుతుంది. అందుకే ప్రయోగశాలల్లో నూనెలోనో, జడవాయువులోనో దాస్తారు. ఇది చూశాక రోటర్, అంటే తిరిగే ఉక్కు చక్రాల, మీద అయస్కాంతాలను పూర్తిగా ఎపాక్సీలో ముంచి పోత పోయాలని నిర్ణయించాం.

ఆగస్టు, మొదటి వారం

లేత్ షాపులో ఉక్కు చక్రాలు సిద్ధమయ్యాయి. అయస్కాంతాలు అతికించడానికి ముందు ప్లైవుడ్‌లో ఎనిమిది గుండ్రటి రంధ్రాలు కోసిన పలకను చక్రం మీద బిగించాం. ఆ పలక లేకపోతే ఒక బిళ్ల పెట్టగానే పక్కది జారి వచ్చి దానికి అతుక్కుంటుంది. ప్రతి బిళ్ల ముఖం మీద ముందే దిక్సూచితో చూసి మార్కరుతో గుర్తు పెట్టుకున్నాం. బిళ్లను నేరుగా దించకుండా చక్రం అంచు నుంచి చెక్క ముక్కతో జరుపుతూ రంధ్రంలోకి దించాలి. ఉక్కు ఉన్నచోట బిళ్లను ఎత్తడం వేళ్లతో అయ్యే పని కాదు.

రెండు చక్రాలను ఎదురెదురుగా బిగించడం ఈ ప్రాజెక్టులో అన్నింటికంటే జాగ్రత్త కావలసిన పని. 12 మిల్లీమీటర్ల ఎడంలో రెండు చక్రాలు దాదాపు 30 కిలోల బరువుకు సమానమైన బలంతో లాక్కుంటాయని లెక్క తేలింది. దగ్గరయ్యేకొద్దీ ఆ బలం ఎన్నో రెట్లు పెరుగుతుంది. వేలు మధ్యలో ఉంటే ఎముక నలిగిపోతుంది. అందుకే మూడు పొడవాటి మరల కడ్డీలు పెట్టి, పై చక్రాన్ని వాటి మీద నట్లతో ఆపి, మూడు నట్లనూ ఒక్కో చుట్టు చొప్పున సమంగా తిప్పుతూ దించాం. ఈ పని పూర్తిగా నేనూ లేత్ షాపు కుర్రాడూ చేశాం. పిల్లలు గీత అవతల నిలబడి చూశారు. చివరి నట్టు బిగిసేసరికి రెండు చక్రాలూ ఒకే దిమ్మలా అయిపోయాయి. మధ్య సందులో ఇనుప మేకును దారానికి కట్టి వదిలితే అది గాలిలో ఒక అయస్కాంతం వైపు వాలి దారాన్ని బిగదీసి నిలిచింది.

ఆగస్టు, రెండో వారం

ఆదివారం కళింగపట్నం తీరానికి వెళ్లాం. జనరేటర్‌కు ఈ పనితో సంబంధం లేదు, నియోడిమియంతో ఉంది.

ఆటు తీసిన తరువాత ఇసుక మీద నల్లటి చారలు మిగులుతాయి. తూర్పు కనుమల రాళ్లు అరిగి, వంశధార, నాగావళి వంటి నదుల్లో కొట్టుకొచ్చి, అలల చేతిలో జల్లెడ పడిన బరువు ఖనిజాలవి. మామూలు ఇసుక సాంద్రత 2.65, ఇనుము, టైటానియం కలిసిన ఇల్మనైట్‌ది 4.7, మోనజైట్‌ది 5 దాకా. తేలికది అల వెనక్కి లాక్కుపోతుంది, బరువైనది నిలుస్తుంది.

కాగితం మీద చారలోని ఇసుకను పలుచగా పరిచి, పాలిథిన్ కవరు తొడిగిన బిళ్లను పైనుంచి దించాం. నల్ల గింజలు ముందు లేచాయి. వాటిలో ఎక్కువ ఇల్మనైట్. ఇంకా దగ్గరకు దించితే ఎర్రటి గోమేదిక గింజలు బద్ధకంగా కదిలాయి. ఫెర్రైట్ బిళ్లతో ఈ రెండో దశ సాగలేదు. మిగిలిన వాటిలో భూతద్దం కింద తెల్ల క్వార్ట్జ్ మధ్య అక్కడక్కడా తేనె రంగు గింజలు మెరిశాయి. మోనజైట్ రంగు అదే. అరుదైన మృత్తికల ఫాస్ఫేట్ అది. సీరియం, లాంథనం తరువాత అందులో నియోడిమియందే పెద్ద వాటా. అరుదైన మృత్తికల ఆక్సైడ్లలో ఆరో వంతు నుంచి ఐదో వంతు దాకా ఉంటుంది. మోనజైట్‌లో థోరియం అనే రేడియోధార్మిక మూలకం కూడా ఉంటుంది కనుక అది అణు ఖనిజం. దాని తవ్వకం, శుద్ధి ఎవరికి పడితే వారికి అప్పగించరు. మేమూ చూసిన ఇసుకను అక్కడే వదిలి, చేతులు కడుక్కుని వచ్చాం.

దేశంలో మోనజైట్ నిల్వల అంచనాల్లో ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానం. భావనపాడు, కళింగపట్నం, భీమునిపట్నం తీరాలు ఆ జాబితాలో ఉన్నాయి. లెక్కలు కట్టే అణు ఖనిజాల డైరెక్టరేట్ ప్రధాన కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. 1950లో ఏర్పడిన ఐఆర్ఈఎల్ (ఇండియన్ రేర్ ఎర్త్స్) అనే ప్రభుత్వ రంగ సంస్థ ఒడిశాలోని ఛత్రపురంలో ఇసుక నుంచి ఖనిజాలు వేరుచేస్తుంది, కేరళలోని ఆలువాలో అరుదైన మృత్తికలను విడివిడిగా శుద్ధి చేస్తుంది. విశాఖపట్నంలో 2023 మేలో జాతికి అంకితం చేసిన దాని అయస్కాంతాల ప్లాంటులో తయారయ్యేవి సమేరియం-కోబాల్ట్ రకం. నా చేతిలోని నియోడిమియం బిళ్ల మాత్రం సముద్రం దాటి వచ్చింది. కాళ్ల కింద ఖనిజం ఉండి, దాన్ని అయస్కాంతంగా మార్చే అంచెలు మన దగ్గర తెగిపోయి ఉండటం నాకు బాధగా ఉంటుంది. ఆ అంచెలను కలపడానికి కేంద్ర ప్రభుత్వం 2025 నవంబరులో 7,280 కోట్ల రూపాయల పథకాన్ని ఆమోదించింది. ఏడాదికి 6,000 టన్నుల అయస్కాంతాల సామర్థ్యం లక్ష్యం. ఈ పిల్లలు ఇంజనీరింగ్ ముగించేసరికి ఆ ఫ్యాక్టరీలు నడుస్తూ ఉండాలని గట్టిగా కోరుకుంటున్నాను.

నియోడిమియం నిజానికి భూమిలో అంత అరుదైనది కాదు. భూపటలంలో దాని వాటా రాగికి దగ్గరగా ఉంటుంది. కష్టమంతా విడదీయడంలోనే. ఈ కుటుంబంలోని మూలకాలన్నీ మూడు ఎలక్ట్రాన్లు వదులుకుంటాయి, అయాన్ల పరిమాణంలో తేడా అతి స్వల్పం, రసాయనికంగా ఒకేలా ప్రవర్తిస్తాయి. 1841లో మొసాండర్ ఒకే మూలకం అనుకుని డిడీమియం అని పేరు పెట్టినదాన్ని 1885లో వియన్నాలో కార్ల్ ఆయర్ వాన్ వెల్స్‌బాక్ పదే పదే స్ఫటికీకరించి రెండుగా చీల్చాడు: ఒకటి నియోడిమియం, రెండోది ప్రసియోడిమియం. పెళ్లి ఊరేగింపుల్లో వెలిగిన పెట్రోమాక్స్ దీపాల తెల్లటి మాంటిల్ కూడా ఆయన కనిపెట్టిందే. దానికి కావలసిన థోరియం కోసమే ఒకప్పుడు కేరళ తీరపు మోనజైట్ ఓడలెక్కి ఐరోపాకు వెళ్లింది. అప్పట్లో థోరియం కోసం తవ్వితే నియోడిమియం వెంట వచ్చేది. ఇప్పుడు నియోడిమియం కావాలంటే థోరియాన్ని భద్రపరచాలి.

ఆగస్టు, చివరి వారం

ఆరు కాయిల్స్‌ను పలకలో అమర్చి ఎపాక్సీ పోశాం. పది మిల్లీమీటర్ల మందం, రెండు వైపులా ఒక్కో మిల్లీమీటరు ఎడం. బేరింగు తేడాగా కూర్చుంటే రాసుకుంటుంది కాబట్టి షాఫ్టును లేత్ షాపులో డయల్ గేజితో చూపించి తెచ్చాం.

మిషన్ స్టాండు పెద్ద చక్రానికీ మా పుల్లీకీ నిష్పత్తి నాలుగు. నిమిషానికి 90 సార్లు తొక్కితే రోటర్ 360 చుట్లు తిరగాలి. సెకనుకు ఆరు చుట్లు, ఒక్కో చుట్టుకు నాలుగు జతల ధ్రువాలు, అంటే 24 హెర్ట్‌జ్. మీటరులో 23కూ 24కూ మధ్య ఊగింది. ఒక్కో ఫేజులో 4.3 వోల్టులు. మూడు ఫేజులకూ చిన్న ఎల్ఈడీలు తగిలించి నెమ్మదిగా తిప్పితే వెలుగు ఒకదాని తరువాత ఒకటి చుట్టూ పరుగెత్తినట్టు కనిపించింది. మూడు ఫేజులంటే ఏమిటో పాఠంలో ఎంత చెప్పినా ఎక్కనివాడికి ఆ వెలుగు చూడగానే ఎక్కింది.

సెప్టెంబరు, మొదటి వారం

ఏసీని డీసీగా మార్చే ఆరు డయోడ్ల వంతెన కలిపాక, లోడు లేకుండా 8.6 వోల్టుల డీసీ వచ్చింది. అర ఆంపియరు లోడు పెడితే 6.2కు దిగింది. మూడు వాట్లు దాటింది. దాని తరువాత ఐదు వోల్టులకు స్థిరపరిచే చిన్న మాడ్యూలు, దానికి ఫోను తీగ. బ్యాటరీ గుర్తు మీద మెరుపు బొమ్మ కనబడగానే తొక్కుతున్న అమ్మాయి వేగం రెట్టింపు చేసింది. ఫోను తగిలించిన క్షణంలో పెడలు బరువెక్కడం ఆమెకు కాలికి తెలిసింది. తీగ పీకితే వెంటనే తేలికైంది. శక్తి ఎక్కడినుంచి వస్తోందో పిల్లలు వరుసలో నిలబడి ఒకరి తరువాత ఒకరు కాలితో తెలుసుకున్నారు.

చాలాసేపు తొక్కించాక కాయిల్ పలకను తాకి చూస్తే గోరువెచ్చగా ఉంది. అయస్కాంతాల దగ్గర గది ఉష్ణోగ్రతే. ఎపాక్సీ కింద బిళ్లలకు ఉప్పు గాలి అందదు. గాజు మూతలోని విరిగిన బిళ్ల మాత్రం ఇప్పుడు సగం పొడి. ప్రదర్శనలో దాన్ని జనరేటర్ పక్కనే పెడతాం, నూనెలో బలం పోగొట్టుకున్న బిళ్లలతో పాటు.

మిగిలిన పనులు: వంతెనలోని మామూలు డయోడ్లు దారిలో దాదాపు 1.4 వోల్టులు తినేస్తున్నాయి. వాటి స్థానంలో తక్కువ వోల్టేజి తినే షాట్‌కీ డయోడ్లు వేస్తే అర ఆంపియరు దగ్గర ఇంకో 0.4 వాట్లు ఫోనుకు చేరతాయి. పాత తోలు బెల్టు జారుతోంది, కొత్తది కావాలి. తిరిగే చక్రాల చుట్టూ ఇనుము కాని జాలీ, అంటే ప్లాస్టిక్ లేదా అల్యూమినియంది, బిగించాలి. అల్యూమినియం అయితే అయస్కాంతాలకు దూరంగా ఉండాలి, లేకపోతే అందులో పుట్టే ప్రవాహాలు రోటర్‌కు బ్రేకు వేస్తాయి. పిల్లలు ప్లాస్టిక్ జాలీకే ఓటు వేశారు. శనివారం కొలతలు తీసుకుంటాం.